మన గేమర్ల సంఘం వార్షిక నివేదిక, 2025: మొదటి రెండు గంటల నోట్‌బుక్

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు మన సంఘం పట్టుదలగా చేసిన పని ఒకటే. కొత్త ఆట విడుదలైన వారం ఆదివారం నాడు హనుమకొండ గదిలో కూడటం, మొదటి రెండు గంటలు ఆడటం, ఎవరికి ఏమనిపించిందో ఆ పూటే నోట్‌బుక్‌లో రాయడం. రెండు గంటలే ఎందుకని కొత్త సభ్యులు అడుగుతున్నారు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకముందే పైసలు వాపస్ అడగొచ్చు. చందాలతో నడిచే మనకు ఆ హద్దు ముఖ్యం. రాసేదాకా ఎవరూ యూట్యూబ్‌లో రివ్యూ చూడొద్దన్న నియమాన్ని కూడా అందరూ పాటించారు. కార్యదర్శిగా నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే.

మార్చి 6న ‘స్ప్లిట్ ఫిక్షన్’ వచ్చింది. స్టాక్‌హోమ్‌లోని హేజ్‌లైట్ వాళ్లు చేసిన ఈ ఆటను ఒక్కరే ఆడటం కుదరదు, ఇద్దరు ఉండాల్సిందే. ఒకరు కొంటే రెండోవాళ్లు కొనకుండానే ఆడొచ్చు. ఆ ఆదివారం కొడుకును ఇంటికి తీసుకుపోదామని వచ్చిన ఒకమ్మ తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నారు. పిల్లగాని జోడీ రాలేదు. “అమ్మా, నువ్వు కూసో” అని కంట్రోలర్ చేతిలో పెట్టాడు. “దుంకమ్మా, దుంకు! ఎక్స్ నొక్కు!” అని వాడు, “ఏది బిడ్డా ఎక్స్, నువ్వే ముందుకు ఉరికితే నేనెట్ల వస్త” అని ఆమె. తెర మీద ఇద్దరూ పందులైపోయే ఘట్టం వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. ఆ రోజు నోట్‌బుక్‌లో ఆమెతో కూడా రాయించాం: “మావోడు నా కోసం ఆగుడు నేర్చుకుండు.” ఈ ఆట గురించి అంతకంటే మంచి మాట ఏడాది మొత్తంలో ఇంకెవరూ రాయలేదు.

ఏప్రిల్ 24న వచ్చిన ‘క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఫ్రాన్స్‌లోని మోంపెల్యే ఊళ్లో చిన్న జట్టు కూర్చొని చేసిన ఆట ఇది. వంతులవారీ ఆట అనగానే మనలో సగం మంది పెదవి విరిచారు. మొదలుపెట్టాక శత్రువు వంతులో కూడా చేతులు ఖాళీగా ఉండవని తెలిసింది. దెబ్బ తగిలే క్షణాన్ని కనిపెట్టి బటన్ నొక్కితే అది ఆగుతుంది, వరుస దెబ్బలన్నీ ఆపితే తిరిగి కొట్టే అవకాశం వస్తుంది. చూపుతో కాదు, చెవితో పట్టుకోవాలని రెండో గంటలో తెలిసింది.

అయితే నోట్‌బుక్ నిండింది పోరాటాల గురించి కాదు. ఆ కథలో ఏటా ఒక పెద్ద రాతి స్తంభం మీద ఒక అంకె రాస్తారు. ఆ వయసు వాళ్లంతా పూరేకులై గాలిలో కలిసిపోతారు. పోయేవాళ్లు మెడలో పూలదండలు వేసుకొని, అయినవాళ్ల చేయి పట్టుకొని రేవు దగ్గరికి నడుస్తారు. మా గదిలో ఆ దృశ్యం నడుస్తున్నప్పుడు ఎవరూ కుర్చీ కూడా కదల్చలేదు. “సద్దుల బతుకమ్మ నాడు చెరువుల వదిలినప్పుడు ఇట్లనే ఉంటది, మళ్ల రా అమ్మా అనుకుంట” అని ఒక చెల్లె రాసింది. డిసెంబర్‌లో ఆ ఆటకు గేమ్ అవార్డ్స్‌లో ఏడాది మేటి ఆట బహుమతి వచ్చింది. మన చెల్లె ఆ మాట రాసింది మాత్రం ఏప్రిల్‌లోనే.

సెప్టెంబర్ 4న ‘సిల్క్‌సాంగ్’ విడుదల. 2019లో ప్రకటించిన ఆట కోసం ఆరేళ్లకు పైగా ఎదురుచూశాం. వినాయక నవరాత్రుల మైకు మోతలో, రాత్రి ఏడున్నరకు అందరం ఒకేసారి కొనబోతే కొనుగోలు పేజీలే చాలాసేపు తెరుచుకోలేదు. మొదటి రోజు పేజీల నిండా కోపమే. దీనికి ముందు వచ్చిన ‘హాలో నైట్’లో నిట్టనిలువునా కిందికి కొట్టే అలవాటు చేతికి ఉంది, ఇక్కడ మనం ఆడించే పాత్ర హార్నెట్ ఏటవాలుగా దూసుకెళ్తుంది. పట్టుదారం నిండా పోగైతే ఒకేసారి మూడు మాస్కులు (ఆటలో ప్రాణాల లెక్క) తిరిగొస్తాయి గానీ, చాలా దెబ్బలకు రెండేసి పోతాయి. కొన్నిచోట్ల అలసట తీర్చుకోను కూర్చునే బల్లకు కూడా పూసలు, అంటే ఆ ఆటలోని పైసలు, చెల్లించాలి! మూడు వారాల తర్వాత అదే సభ్యులు రాసిన పేజీల్లో ఆ ఏటవాలు దెబ్బ మీదే ప్రేమ. మొదటి రోజు అభిప్రాయం తప్పని కొందరన్నారు. నేను ఒప్పుకోను. చేయి తిరగనప్పుడు ఆట ఎట్లుంటదో ఆ రోజు పేజీలే చెప్తాయి, చేయి తిరిగినవాళ్లు దాన్ని మర్చిపోతారు.

అక్టోబర్ 2న వచ్చిన ‘ఘోస్ట్ ఆఫ్ యోటే’ను ఒక సభ్యుడి ప్లేస్టేషన్ 5లో కొద్దిమందిమే చూశాం. దారి బాణం గుర్తుతో కాకుండా గాలి వీచే వైపుగా తెలియడం అందరికీ నచ్చింది. అదే నెలలో ఇంకో పెద్ద యుద్ధపు ఆట మన పాత కంప్యూటర్లలో బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే మూల ప్రోగ్రామ్) సెట్టింగ్ మార్చనిదే తెరుచుకోలేదు. ఒక సాయంత్రమంతా దానికే పోయింది, పేజీ ఖాళీగానే ఉంది.

ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చాక తల్లిదండ్రుల నుంచి చాలా ఫోన్లు వచ్చాయి. ఆ చట్టం నిషేధించింది డబ్బు పందెం కాసే ఆటలను. ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో ఆటలను, అది ప్రోత్సహిస్తుంది. మన గదిలో పైసల ఆట ఎన్నడూ లేదు, ఇకముందూ ఉండదు. ఇంటి దగ్గర ఈ మాట స్పష్టంగా చెప్పండి.

ఖర్చుల లెక్క కోశాధికారి విడిగా చదువుతారు. మేడారం జాతర అయ్యాక వచ్చే ఆదివారం నుంచి కూడికలు మళ్లీ మొదలు.

చివరగా ఒక విన్నపం. అక్టోబర్ 29న మొంథా తుఫాను వానకు గదిలోకి నీళ్లు వచ్చినప్పుడు కంప్యూటర్లను బల్లల మీదికి ఎత్తాం గానీ, కింది అరలో ఉన్న నోట్‌బుక్ తడిసిపోయింది. ఫ్యాను కింద ఆరబెడితే ‘సిల్క్‌సాంగ్’ పేజీలు సిరా కారి చదవరాకుండా అయ్యాయి. వాటిలో రాసినవాళ్లు వచ్చి మళ్లీ రాయండి. ఇప్పుడు ఏమనిపిస్తుందో కాదు, ఆ రోజు ఏమనిపించిందో.

కార్యదర్శి