ఒళ్ళు పట్టడానికి బడేమిటని అడిగారుగా

డాలస్,
ఆగస్టు 17.

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం నలుగురం క్షేమం. అక్కడ మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకి మొదటి హెచ్చరిక ఇచ్చారని విన్న దగ్గర్నుంచి మనసు అక్కడే ఉంది. అన్నయ్య పంపిన ఫోటోలో రేవు మెట్లు మూడే కనిపిస్తున్నాయి. కాజ్‌వే మునిగితే మందులకి ఇబ్బంది. మీ షుగర్ మాత్రలు నెలకి సరిపడా ముందే తెప్పించి పెట్టుకోండి.

మొన్న ఆదివారం ఫోన్లో నేను మసాజ్ థెరపీ కోర్సులో చేరుతున్నానని చెప్పగానే "ఒళ్ళు పట్టడానికి కూడా బడి ఉంటుందా అమ్మా? మరి గోళ్ళు తీయడానికి కాలేజీ ఎక్కడుంది?" అన్నారు. నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు. మీ వెటకారానికి అప్పటికప్పుడు బదులు చెప్పడం నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళుగా చేతకాలేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఫోటోలు తీసి అన్నయ్యకి పంపుతాను, ప్రింటు తీసి ఇస్తాడు.

ముందు గోళ్ళ సంగతి. టెక్సస్‌లో డబ్బు తీసుకుని ఒకరి గోళ్ళు తీయాలన్నా లైసెన్సు కావాలి నాన్నగారూ. దానికి 600 గంటల చదువు. నేను చేరబోయేదానికి 500. అంటే గోళ్ళవాళ్ళు నాకంటే వంద గంటలు పెద్ద చదువరులు!

ఇది నాకు నిన్న పుట్టిన సరదా కాదు. నాలుగేళ్ళ కిందట మా పక్క అపార్ట్‌మెంట్లో ఒక తెలుగమ్మాయి ప్రసవించింది. వాళ్ళమ్మకి వీసా రాలేదు. పసివాడికి నీళ్ళు పోసేవాళ్ళు లేరు. నేను వెళ్ళి బాత్‌టబ్‌లో చిన్న స్టూలు వేసుకుని, కాళ్ళు చాపి, వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాను. ఎవరూ నేర్పకుండానే చెయ్యి నడిచింది. కాదు, నేర్పారు. అన్నయ్య పిల్లలకి మన నూతి దగ్గర పీట మీద కూర్చుని నీళ్ళు పోసిన ముసలమ్మని నెలల తరబడి పక్కనే కూర్చుని చూశాను కదా. ఆవిడ చేసినట్టే నూనె రాశాను, సున్నిపిండి పెట్టాను. ముక్కులో నూనె చుక్క వేయడం ఒక్కటి మాత్రం మానేశాను. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమని ఇక్కడి పిల్లల డాక్టరు గట్టిగా చెప్పారు.

అలా ఇప్పటికి పదకొండుమంది పిల్లలు. బాలింతలు తమ నడుము కూడా కాస్త పట్టమనేవారు. వాళ్ళలో ఒకమ్మాయి నర్సు. ఇంకొకామె నా చేతిలో డబ్బు పెట్టబోతుంటే ఈ అమ్మాయి ఆపింది: "తీసుకోకక్కా, లైసెన్సు లేకుండా మసాజ్ చేసి డబ్బు తీసుకుంటే ఇక్కడ కేసవుతుంది. నీ చేతికి పనితనం ఉంది, వెళ్ళి చదువుకోరాదూ!" ఆ మాట బుర్రలో పడింది. నాది ఈయన ఉద్యోగం మీద వచ్చిన హెచ్‌4 వీసా. దాని మీద చదువుకోవడానికి అడ్డు లేదు, పని చేయడానికి ఈఏడీ అనే అనుమతి కావాలి. అది వచ్చి రెండేళ్ళయినా నేను దాన్ని ఫైల్లోనే ఉంచాను.

ఆ బడిలో ఏం నేర్పుతారనేగా మీ అనుమానం. మీరు లెక్కల మాస్టారు, కూడి చూసుకోండి. చేత్తో చేసే పద్ధతులు 200 గంటలు, అందులో కనీసం 125 స్వీడిష్ మసాజే, అంటే నూనె రాసి నిమిరి, పిసికే మామూలు పద్ధతి. శరీర నిర్మాణం 50, శరీరం పనిచేసే తీరు 25, కండరాలూ కీళ్ళ కదలిక 50, జబ్బుల గురించి 40, నీటితో చేసే చికిత్స 20, చట్టం, వ్యాపారం, నీతి నియమాలు కలిపి 45, ఆరోగ్యం, పరిశుభ్రత 20, చివర బయటి మనుషుల మీద టీచర్ల ఎదుట చేసే ఇంటర్న్‌షిప్ 50. ఇది రాష్ట్రం పెట్టిన లెక్క, ఏ స్కూలైనా ఇంతకి తగ్గడానికి లేదు. తర్వాత ఎంబ్లెక్స్ అనే పరీక్ష. వంద ప్రశ్నలు, 110 నిమిషాలు. చాలా రాష్ట్రాల్లో ఇదే పరీక్ష. గంటలు మాత్రం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. ఇల్లినాయ్‌లో 600, న్యూయార్క్‌లో 1000. ఈయన ప్రాజెక్టు మారి న్యూయార్క్ పొమ్మంటే నా చదువు సగానికి వస్తుంది. ఆ భయంతో ఇప్పుడే వెయ్యి గంటలు చదివే ఓపికా లేదు, డబ్బూ లేదు.

మీరు పైకి అనని మాట కూడా నాకు తెలుసు. అక్కడి పేపర్లలో 'స్పా ముసుగులో' అని వారానికో వార్త వస్తుంది. అమ్మ ఫోన్ పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి "మగవాళ్ళకి కూడానా?" అని అడిగింది. ఇక్కడా ఆ బెడద ఉందమ్మా. ఉంది కాబట్టే రాష్ట్రం ఇంత పట్టుగా ఉంది. క్లాసులో కూర్చోవాలన్నా ముందు స్టూడెంట్ పర్మిట్ తీసుకోవాలి. లైసెన్సుకి వేలిముద్రలు ఇవ్వాలి, పాత కేసులు తిరగేస్తారు. మనిషిని దుప్పటి కప్పి పడుకోబెడతారు, ఏ భాగం మీద పనిచేస్తే ఆ మేరకే తీస్తారు. స్కూల్లో ఆడా మగా అందరి మీదా నేర్చుకోవాలి. తర్వాత నా పని బాలింతలతోనూ ఆడవాళ్ళతోనూ పెట్టుకుంటాను. ఇక ఆ విషయం అమ్మతో ఫోన్లో మాట్లాడతాను, మీరు ఈ పేరా దాటేయండి.

స్కూలు వెతకడానికి మూడు నెలలు పట్టింది. వెళ్ళేముందు ఒక పని చేశాను. లైసెన్సులిచ్చే శాఖ వెబ్‌సైటులో పేరు కొడితే ఆ స్కూలుకి లైసెన్సు ఉందో లేదో చెబుతుంది. ఏమైనా చర్యలు తీసుకుని ఉంటే అవీ దొరుకుతాయి. అక్కడే రెండు పేర్లు కొట్టేశాను. మిగిలినవి మూడు.

ఆ మూడింటికీ నేను పట్టుకెళ్ళిన ప్రశ్న ఒకటే. అది నాయనమ్మ కాలు.

మీకు గుర్తుందో లేదో. నాయనమ్మ బోదకాలు, ఎడమది. సాయంత్రం అరుగు మీద కూర్చుని "గట్టిగా పట్టవే" అనేది. నాకు పదేళ్ళు. ఉన్న బలమంతా పెట్టి పిసికేదాన్ని. వేలు నొక్కినచోట గుంట పడి కాసేపు అలాగే ఉండేది, నాకదొక ఆట. అప్పుడప్పుడూ చలిజ్వరం వచ్చి ఆ కాలు ఎర్రగా కాలిపోయేది. ఆ రోజుల్లో కూడా పట్టాను. ఆవిడ పళ్ళు బిగించి కళ్ళు మూసుకునేది. హాయిగా ఉందనుకునేదాన్ని.

మొదటి స్కూలు మాల్ పక్కన, అద్దాల మేడ. లోపల కొవ్వొత్తులు, ఫౌంటెను, వీణలాంటి సంగీతం. అడ్మిషన్లు చూసే ఆవిడ గంటన్నర మాట్లాడింది, అందులో అరగంట ఈ నెలాఖరుకి చేరితే ఇచ్చే డిస్కౌంటు గురించి. పరీక్ష ఎంతమంది పాసవుతున్నారంటే "మా విద్యార్థులు చాలా సంతృప్తిగా ఉంటారు" అంది. మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కి వస్తుందంటే కాగితం తెస్తానని వెళ్ళి కాఫీ తెచ్చింది. చివర్న నాయనమ్మ కాలు అడిగాను. ఒక మనిషి ఒక కాలు వాచి వస్తే ఏం చేయమని నేర్పుతారు? "డీప్ టిష్యూ! మా దగ్గర ప్రత్యేకమైన నూనెలున్నాయి" అంది. డీప్ టిష్యూ అంటే లోపలి కండరాల దాకా గట్టిగా నొక్కడం. లేచి వచ్చేశాను.

రెండోది చవక, మొదటిదాంట్లో సగం. చెప్పిన మాట ఇంకా చవక. "మీకు పిల్లలున్నారు కదా, వారానికి ఒక్కరోజు రండి, గంటల లెక్క మేం చూసుకుంటాం" అన్నాడాయన. మీరు ముప్ఫై ఏళ్ళు హాజరుపట్టీ రాసిన మనిషి, మీ కూతురికి ఈ మాట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాలు సంగతి అక్కడ అడగనేలేదు.

మూడోది టైర్ల షాపు వెనక ఉంది. బోర్డు సగం వెలిసిపోయింది. బేరమాడే ముందు అక్కడ నేను పడుకున్నాను. ఈ మాట ఎవరు స్కూలు వెతుకుతున్నా చెబుతాను. చాలా స్కూళ్ళకి విద్యార్థులు పనిచేసే క్లినిక్ ఉంటుంది, బయటికంటే తక్కువ తీసుకుంటారు. నలభై డాలర్లిచ్చాను. ఇరవై ఏళ్ళ పిల్లాడు చేశాడు. చెయ్యి వేసేముందు పావుగంట అడిగాడు: బీపీ ఉందా, ఆపరేషన్లేమైనా అయ్యాయా, ఏ మందులు వాడుతున్నారు, ఎక్కడ ముట్టుకోవద్దు. బొటనవేలితో నా భుజం నొక్కుతుంటే వెనకనుంచి టీచరు వచ్చి అతని మోచెయ్యి సరిచేసింది: "వేళ్ళతో కాదు, నీ బరువుతో. ఇలా చేస్తే ఐదేళ్ళలో నీ బొటనవేళ్ళు పోతాయి." నాకు వెంటనే మన తోటలో కొబ్బరికాయ ఒలిచే మనిషి గుర్తొచ్చాడు. గునపం మీద కాయ గుచ్చి మణికట్టు తిప్పడు, ఒంటి బరువంతా వాల్చేస్తాడు. అందుకే రోజంతా ఒలవగలడు.

ఆ టీచరే, జుట్టంతా నెరిసినావిడ, నా ప్రశ్న వింది. వెంటనే జవాబు చెప్పలేదు, నన్నే అడిగింది. ఎప్పట్నుంచి వాచింది, ఒక కాలా రెండా, వేడిగా ఉందా, పిక్కలో నొప్పా? ఉన్నట్టుండి ఒక కాలు వాచి వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి రక్తనాళంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు, అలాంటి మనిషిని బల్ల ఎక్కించకుండా ఆసుపత్రికి పంపాలి అంది. వాపు ఎందుకొచ్చిందో తెలియకుండా చెయ్యి వేయకూడదని చెప్పింది. దోమకాటుతో వచ్చే బోదకాలు గురించి చెబితే మాత్రం "నేనెప్పుడూ చూడలేదు. చదివి చెబుతాను, గురువారం రా" అంది.

గురువారం వెళ్ళాను. రెండు పేజీలు రాసుకుని కూర్చుంది. గట్టిగా పిసకడం ఆ కాలుకి మంచిది కాదట. దానికి వేరే పద్ధతి ఉంది, చర్మం మాత్రమే కదిలేంత తేలిగ్గా చెయ్యి నడపాలి, అది విడిగా నేర్చుకోవాలి, "మా 500 గంటల్లో అది రాదు" అని కూడా చెప్పేసింది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, కాలు ఎత్తులో పెట్టడమే ముఖ్యమంది. జ్వరం ఉన్న రోజుల్లో అసలు ముట్టుకోకూడదంది.

కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేదు. నాయనమ్మ పళ్ళు బిగించింది హాయికి కాదు నాన్నగారూ.

ఆ సాయంత్రమే డబ్బు కట్టాను. ఎనిమిది వేల డాలర్ల లోపు, మన లెక్కలో ఏడు లక్షలు. బల్లా పుస్తకాలూ విడిగా. ఆరు వాయిదాలు. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో అడగకముందే కాగితం చేతిలో పెట్టారు. సెప్టెంబరులో మొదలు, సోమవారం నుంచి గురువారం దాకా, సాయంత్రం ఆరు నుంచి పది. ఏడున్నర నెలలు. ఆ నాలుగు రాత్రులూ మీ అల్లుడుగారి వంట. ఆయనకి వచ్చింది చారూ గుడ్డట్టూ. పిల్లలు ఇప్పట్నుంచే దిగాలుగా ఉన్నారు.

ఇంకొక్కటి. నీళ్ళు పోసే ముసలమ్మకి మనింట్లో గ్లాసు వేరుగా ఉండేది, నూతి గట్టు మీద బోర్లించి. అన్నయ్య పిల్లల నడుములు నిలబెట్టిన చెయ్యి ఆవిడది, మనం అరుగు మీద కూడా కూర్చోమనలేదు. మీ మనసులో ముల్లు అదేనని నా అనుమానం, ఆ గ్లాసు ఇప్పుడు నా చేతికి వస్తుందేమోనని. కోపం తెచ్చుకోకండి. నాకూ మొదట ఆ ఆలోచన వచ్చింది.

ఆవిడ పీట అటక మీద ఉందని అమ్మ అంది. చింతచెక్కది, చాలా బరువు, పంపమనను. ఎత్తెంతో టేపు పెట్టి కొలిచి చెప్పండి, పొడవూ వెడల్పూ కూడా. ఇక్కడ మా బల్ల ఎత్తు ఎవరికి వాళ్ళం కొలుచుకుంటాం. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే పిడికిలి బల్లకి తగలాలి. పీటకి ఆవిడ ఏ కొలత పెట్టుకుందో చూడాలనుంది. బాత్‌టబ్ స్టూలు మీద కూర్చుంటే నాకు నడుము పట్టేస్తోంది, ఆవిడకి ఎప్పుడూ పట్టినట్టు చూడలేదు.

అమ్మని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ చిన్నమ్మాయి