డ్రెస్డెన్ నుంచి బుడాపెస్ట్ దాకా రైలు దారిన

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నువ్వూ చెల్లెమ్మా కులాసాగా ఉన్నారని తెలిసి ఇద్దరం సంతోషించాం. మేము పంపిన ఫొటోలు చూసి రెండు ప్రశ్నలు వేశావు. ఈ వయసులో విమానం మానుకొని రైళ్ళు పట్టుకు తిరగడం ఎందుకన్నది మొదటిది. పారిస్, రోమ్ వంటి పేరుమోసిన నగరాలను వదిలి ఈ దారి ఎందుకు ఎంచుకున్నామన్నది రెండోది. డ్రెస్డెన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ నగరాలను వరసగా రైలు పట్టాలు కలుపుతాయి. రెండో ప్రపంచ యుద్ధం ఈ నాలుగింటినీ నాలుగు రకాలుగా దెబ్బతీసింది. పోగొట్టుకున్నదాని విషయంలో ఏ నగరం ఏం చేసిందో ఒకదాని వెంట ఒకటి చూడాలని నాకు ఎంతోకాలంగా కోరిక. మధ్యలో ఉన్న నేలను చూడకుండా ఆకాశంలో ఎగిరిపోతే ఆ కోరిక సగమే తీరేది. ఏళ్ళ తరబడి పిల్లలకు చరిత్ర చెప్పినవాడివి కనుక నీకు ఇది వివరంగా రాయాలనిపించింది.

డ్రెస్డెన్‌తో మొదలుపెడతాను. 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలైన బాంబు దాడుల్లో పాత నగరం తగలబడిపోయింది. సుమారు 25,000 మంది చనిపోయారు. నగరానికి నడిబొడ్డున 1743లో పూర్తయిన ఫ్రావెన్‌కిర్ఖె అనే పెద్ద చర్చి రెండు రాత్రులు నిలబడి, లోపలి స్తంభాలు వేడికి బీటలు వారి, 15వ తేదీ ఉదయం కుప్పకూలింది. ఆ రాళ్ళగుట్టను తూర్పు జర్మనీ కాలమంతా యుద్ధస్మారకంగా అలాగే ఉంచారు. రెండు జర్మనీలు కలిశాక శిథిలాల్లోంచి రాళ్ళను ఒక్కొక్కటిగా తీసి, కొలిచి, ఫొటోలు తీసి, ఏ రాయి ఎక్కడిదో గుర్తించి, పనికొచ్చే ప్రతి రాయినీ తిరిగి వాడుతూ 2005 నాటికి మళ్ళీ నిలబెట్టారు.

ఆ గోడ దగ్గర నిలబడి చూస్తేగాని ఆ పని గొప్పతనం తెలియదు. కొత్త రాయి లేత పసుపు రంగులో ఉంటుంది. దాని మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి బొగ్గులా నల్లటి పాత రాళ్ళు. కొన్నింటి అంచులు ఇప్పటికీ చెక్కులు లేచిపోయి ఉన్నాయి. వాటిని నునుపు చేయలేదు, రంగు కలపలేదు. అది ఎల్బె నది లోయలో దొరికే ఇసుకరాయి, గాలికీ వానకూ దానంతట అదే నల్లబడుతుంది. కొన్ని దశాబ్దాలు గడిస్తే కొత్త రాళ్ళు కూడా పాతవాటిలో కలిసిపోతాయన్నమాట. మా ఆవిడ, అదే నీ చెల్లెలు, ఒక నల్లరాయి మీద చెయ్యి వేసి చాలాసేపు అక్కడే నిలబడింది. గోపురం మీది కొత్త శిలువను లండన్‌లో తయారుచేశారు. దాన్ని చేసిన స్వర్ణకారుడి తండ్రి ఆనాడు డ్రెస్డెన్ మీద బాంబులు వేసిన బ్రిటిష్ పైలట్లలో ఒకడు. శిథిలాల్లో దొరికిన పాత శిలువ, మెలితిరిగి కాలిపోయిన ఆకారంతోనే చర్చి లోపల ఉంది. నాకు ఈ మొత్తం యాత్రలో అన్నిటికంటే నచ్చినది ఇదే. కూలినదాన్ని కూలినట్టు గుర్తుంచుకుంటూనే కట్టగలగడం మామూలు సంగతి కాదు.

డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు రెండున్నర గంటల లోపే ప్రయాణం. మీరు వెళితే తప్పకుండా ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. రైలు ఎల్బె నది ఒడ్డునే, నీటికి ఎదురుగా సాగుతుంది. అవతలి ఒడ్డున ఇసుకరాతి కొండలు నిటారుగా లేచి ఉంటాయి, వాటి పాదాల దగ్గర చిన్న చిన్న ఊళ్ళు. అక్టోబరు కావడంతో కొండవాలు చెట్లన్నీ పసుపు, రాగి, ఎరుపు రంగుల్లోకి మారిపోయి, పొద్దున్నే నది మీద పొగమంచు ఇంకా విడిపోలేదు. మాది చెక్ దేశపు రైలు కనుక అందులో భోజనాల పెట్టె ఉంది. అక్కడికక్కడే వండి, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పింగాణీ పళ్ళెంలో వడ్డిస్తారు. మాంసం ముట్టని నీ చెల్లెలికి రొట్టెపొడి అద్ది నూనెలో వేయించిన జున్ను, ఉడికించిన బంగాళాదుంపలు దొరికాయి.

సరిహద్దు దాటగానే ద్యెచీన్ అనే ఊరు వస్తుంది. అక్కడ నది ఒడ్డున ఒక బండరాయి ఉంది. కరవు వచ్చి నీళ్ళు అడుగంటినప్పుడే అది బయటపడుతుంది. పూర్వం నీటిమట్టం అంత పడిపోయిన ప్రతి ఏడూ దాని మీద సంవత్సరం చెక్కేవారు. అందులో ఇప్పటికీ చదవడానికి వీలైన పాతది 1616. ‘నన్ను చూస్తే ఏడవండి’ అని జర్మన్‌లో చెక్కి ఉంటుంది. మేము వెళ్ళినప్పుడు నది నిండుగా ఉంది కనుక రాయి కనిపించలేదు. కరవు చూసినవాళ్ళు తమ తరవాతివాళ్ళకు రాసి పెట్టిన హెచ్చరిక అది. గోదావరి జిల్లాల్లో పెరిగిన మనకు నది ఎండితే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

అదే దారిలో ఇంకాస్త ముందుకు పోయాక బొహుషోవిత్సె అనే చిన్న స్టేషన్‌ను రైలు ఆగకుండా దాటింది. నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజీన్‌కు దగ్గరి స్టేషన్ అదే. మొదట్లో ఖైదీలను అక్కడ దింపి, సామాను మోయించి, మిగిలిన దూరం నడిపించేవారు. సుమారు 1,40,000 మంది ఆ ఊరికి చేరారు, వారిలో సుమారు 33,000 మంది అక్కడే చనిపోయారు, మిగిలినవారిలో ఎక్కువమందిని తూర్పున ఉన్న మృత్యుశిబిరాలకు పంపారు. భోజనం ముగించి హాయిగా కూర్చున్న మేము, వాళ్ళు వచ్చిన ఆ పట్టాల మీదనే పోతున్నామన్న సంగతి నన్ను చాలాసేపు వదల్లేదు.

ప్రాగ్‌ను చూసినవాళ్ళెవరైనా ముందు దాని అందాన్నే పొగుడుతారు, అది న్యాయమే. 1357లో పునాది వేసిన చార్లెస్ వంతెన, 1410 నాటి ఖగోళ గడియారం, వ్లతావా నది అవతల కొండమీది కోట, అన్నీ కళ్ళముందే ఉన్నాయి. డ్రెస్డెన్‌తో పోలిస్తే ప్రాగ్‌లో కూలిన భవనాలు తక్కువ. అక్కడ పోయినవారు మనుషులు. పింకాస్ సినగాగ్ అనే యూదుల ప్రార్థనామందిరం లోపలి గోడల మీద, హతులైన బొహేమియా, మొరావియా (చెక్ దేశపు ప్రాంతాలు) యూదుల పేర్లు దాదాపు 80,000 చేత్తో రాశారు. ఊరి పేరు, ఇంటిపేరు, మనిషి పేరు, పుట్టిన తేదీ, చివరిసారి బతికి ఉన్నట్టు తెలిసిన తేదీ. ఇంటిపేర్లు ఎర్రసిరాలో, మనుషుల పేర్లు నల్లసిరాలో ఉన్నాయి. ఒకే ఇంటిపేరు కింద నలుగురైదుగురు, వారిలో ఇద్దరు పసివాళ్ళు. ఇలాంటివి చదువుతూ పోతే గోడ ఎక్కడా ఆగదు. 1950లలో రాసిన ఆ పేర్లు తేమకు చెడిపోతే, 1990లలో మళ్ళీ మొత్తం రాయించారు.

ప్రాగ్ ప్రధాన స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఒక కంచు విగ్రహం ఉంది. చంకలో ఒక పిల్లవాడు, పక్కన ఒక పాప, ఒక పెట్టె. అది నికోలస్ వింటన్ అనే ఆంగ్లేయుడి విగ్రహం. లండన్‌లో షేర్ల వ్యాపారంలో పనిచేసే ఆ యువకుడు 1939లో తోటివారితో కలిసి 669 మంది పిల్లలను, ఎక్కువమంది యూదులను, రైళ్ళలో ఇంగ్లండు చేర్చాడు. సెప్టెంబరు 1న బయల్దేరవలసిన ఆఖరి రైల్లో సుమారు 250 మంది పిల్లలు ఎక్కవలసి ఉండగా, ఆ రోజే యుద్ధం మొదలై రైలు కదలలేదు. అదే స్టేషన్‌లో రైలు తలుపు ఆకారంలో ఇంకో స్మారకం ఉంది. దాని అద్దానికి ఒకవైపు తల్లిదండ్రుల అరచేతులు, మరోవైపు పిల్లల అరచేతులు. నీ చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. మా అబ్బాయిని చదువుకోసం పై ఊరు పంపిన రోజున రైలు కిటికీ దగ్గర తను నిలబడిన తీరు నాకు గుర్తొచ్చింది.

వియన్నా గురించి రెండు సంగతులే చెబుతాను. రాజభవనాల గురించి నువ్వు ఇప్పటికే చాలా చదివి ఉంటావు. సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్ కప్పు 1945 ఏప్రిల్‌లో కాలి కూలింది. టర్కీ సేనల నుంచి పట్టుకున్న ఫిరంగులను కరిగించి 1711లో పోతపోసిన పెద్ద గంట కిందపడి ముక్కలైంది. ఆ ముక్కలనే కరిగించి కొత్త గంట పోశారు. ఇక రెండోది, కళాచరిత్ర మ్యూజియంలో పీటర్ బ్రూగెల్ చిత్రాలున్న గది. శరదృతువులో వెళ్ళినవారు ఆయన 1565లో వేసిన పశువుల మందల చిత్రాన్ని చూడాలి. వేసవి మేత ముగించి కొండమీది నుంచి ఊళ్ళోకి దిగుతున్న ఆవులు, పొడవాటి కర్రలతో వాటిని అదిలిస్తున్న మనుషులు, ఆకులు రాలిన చెట్లు, నది మీద కమ్ముకొస్తున్న నల్లమబ్బు. దాదాపు ఆవులన్నీ మనవైపు వీపు తిప్పి నడుస్తుంటాయి. వాటి నడుములు, తోకలు, మచ్చలు ఎంత తెలిసినవాడు వేశాడో! వాకిట్లో పాడి ఉన్న ఇంట పుట్టిన నీ చెల్లెలు ఆ గదిలోంచి ఎంతకీ కదలలేదు. బయటికి వచ్చాక రోడ్డు పక్కన వేడివేడి చెస్ట్‌నట్ కాయలు కొనుక్కుని, ఆ కాలంలో మాత్రమే దొరికే కొత్త ద్రాక్షసారా రుచి చూశాను. అది మన తాటికల్లులాగా ఇంకా పొంగుతూనే ఉంటుంది కనుక సీసా మూత బిగించరు.

ఆఖరి మజిలీ బుడాపెస్ట్. 1884లో తెరిచిన కెలెటి స్టేషన్ ముఖభాగంలో జేమ్స్ వాట్, జార్జ్ స్టీఫెన్‌సన్ విగ్రహాలు నిలబెట్టారంటే ఆనాటి వాళ్ళకు రైలు మీద ఎంత గౌరవమో చూడు. 1945 జనవరిలో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సేన డాన్యూబ్ మీద మిగిలి ఉన్న వంతెనలను పేల్చేసింది. సేచెన్యి గొలుసు వంతెనను పాత రూపంలోనే మళ్ళీ కట్టి, మొదట తెరిచిన రోజుకు సరిగ్గా నూరేళ్ళకు, 1949 నవంబరు 20న తెరిచారు. పొరుగునే ఉన్న ఎలిజబెత్ వంతెనను మాత్రం పాతదానిలా కట్టకుండా, తెల్లటి తీగల మీద వేలాడే కొత్త వంతెనగా 1964లో పూర్తిచేశారు. రెండూ సరైన నిర్ణయాలే అని నా అభిప్రాయం. నది ఒడ్డున పార్లమెంటు దగ్గర ఇనుముతో పోతపోసిన 60 జతల చెప్పులు, బూట్లు వరసగా ఉన్నాయి. 1944-45 చలికాలంలో హంగరీ ఫాసిస్టులు యూదులను ఒడ్డున నిలబెట్టి, చెప్పులు విడిపించి కాల్చి నదిలోకి తోశారు. వాటిలో బాగా చిన్నవి కూడా ఉన్నాయి, ఎవరో వాటిలో పూలు పెట్టి వెళ్ళారు.

ఇక మీ ప్రయాణం మాట. ఒక్క షెంగెన్ వీసా నాలుగు దేశాలకూ సరిపోతుంది, కాని జర్మనీ, ఆస్ట్రియాల్లో యూరో, చెక్ దేశంలో కొరునా, హంగరీలో ఫోరింట్ నడుస్తాయి. టికెట్లు ముందుగా కొంటే బాగా చౌక. స్టేషన్లు ఊరి మధ్యలోనే ఉంటాయి, లిఫ్టులు ఉంటాయి కనుక చెల్లెమ్మ మోకాళ్ళ గురించి బెంగ పెట్టుకోవద్దు. రాతి పలకల వీధుల్లో మాత్రం మెత్తటి బూట్లు తప్పనిసరి. అక్టోబరు మొదటి సగంలో వెళ్ళండి, నెలాఖరుకు చీకటి తొందరగా పడుతుంది. తేదీలు అనుకున్నాక నాకు రాయి, వీసాకు కావలసిన కాగితాల జాబితా వెంటనే పంపుతాను. పిల్లలకు మా ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు