వెళ్లే ముందే అడగండి: రక్షణ మంత్రికి బహిరంగ లేఖ

రక్షణ మంత్రి గారికి,

నమస్కారం. మీరు ఏ దేశపు మంత్రి అన్నదాంతో ఈ లేఖకు పని లేదు. ఓట్లతో గెలిచి ఆ కుర్చీలోకి వచ్చారు. ఎక్కడో దూరాన జరిగే యుద్ధానికి సైన్యాన్ని పంపే ఫైలు మీ టేబుల్ మీద ఉంది. ఈ రెండూ చాలు.

ఆ ఫైల్లో మ్యాపులు ఉంటాయి, శత్రువు బలం ఎంతో ఉంటుంది, ఖర్చు అంచనా ఉంటుంది. ఎన్నికల క్యాలెండర్ మాత్రం ఉండదు. కానీ యుద్ధం నుంచి ఎప్పుడు బయటపడాలో చాలాసార్లు తేల్చింది అదే.

వియత్నాం యుద్ధం నడుస్తున్న 1972 ఆగస్టులో వైట్‌హౌస్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఆయన భద్రతా సలహాదారు కిసింజర్ మాట్లాడుకున్నది టేపుల్లో రికార్డయింది. దక్షిణ వియత్నాం ఒకటి రెండేళ్లు పడిపోకుండా ఉండే ఏర్పాటు ఏదైనా చూడాలి, ఆ తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోరు అన్నది కిసింజర్ మాటల సారాంశం. నవంబర్‌లో నిక్సన్ భారీ మెజారిటీతో గెలిచారు. మరుసటి జనవరిలో పారిస్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయింది. లెక్క దాదాపు సరిపోయింది.

2009 డిసెంబర్ 1న ఒబామా అఫ్గానిస్తాన్‌కు అదనంగా 30,000 మందిని పంపుతున్నామన్నారు. అదే ప్రసంగంలో, 2011 జూలై నుంచి వెనక్కి తేవడం మొదలుపెడతామనీ అన్నారు. మొదటి మాట జనరల్స్ కోసం, రెండోది యుద్ధమంటే విసిగిపోయిన సొంత పార్టీ కోసం అని నాకనిపిస్తుంది. తాలిబాన్లు మాత్రం రెండూ విన్నారు.

ఇలాంటివి చూసి, ప్రజాస్వామ్యాలకు ఓపిక తక్కువ, జనం తొందరగా చేతులెత్తేస్తారు అనేవాళ్లున్నారు. మీ సలహాదారులూ అదే చెబుతుండవచ్చు. నేను ఒప్పుకోను. ఓపిక లేదనాలంటే ముందు అడిగి ఉండాలి కదా! అడగకుండా ఉండటానికే ప్రభుత్వాలు నానా తంటాలు పడ్డాయి.

డబ్బు సంగతే చూడండి. కొరియా యుద్ధం మొదలయ్యాక అమెరికాలో అధ్యక్షుడు ట్రూమన్ ప్రభుత్వం పన్నులు పెంచింది. వియత్నాం దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షుడు జాన్సన్ నసిగారు. పన్ను అడిగితే యుద్ధం మీద పెద్ద చర్చ లేస్తుంది, ఆ ఊపులో తన సంక్షేమ పథకాలకు కోత పడుతుంది అని ఆయన భయం. పన్ను మీద 10 శాతం అదనపు పన్ను (సర్‌ఛార్జి) చట్టమయ్యేసరికి 1968 జూన్ వచ్చింది. అప్పటికే ఆయన మళ్లీ పోటీ చేయనని ప్రకటించేశారు కూడా. ఇక 2003లో ఇరాక్ మీదికి వెళ్లిన రెండు నెలలకు బుష్ ప్రభుత్వం పన్నులు పెంచలేదు సరికదా, తగ్గించింది! యుద్ధం అప్పు మీద నడిచింది. నిర్బంధ సైనిక సేవ 1973లోనే ఆగిపోయింది కాబట్టి, పిల్లల్ని యుద్ధానికి పంపామన్న టెన్షన్ కూడా ఎక్కువ ఇళ్లలో లేదు. జేబుకూ తగలక, ఇంటికీ తగలకపోతే జనం ఆ యుద్ధాన్ని ఎందుకు గుర్తుపెట్టుకుంటారు? వద్దని వీధుల్లోకి రారు, గెలవాలని పట్టూ పట్టరు. అందుకే అది ఏళ్ల తరబడి సాగుతుంది. ఆపాలనుకున్న రోజున అడ్డుపడేవాళ్లూ ఉండరు.

ఓటు సంగతీ అంతే. 2001 సెప్టెంబర్ దాడులు జరిగిన మూడు రోజులకే అమెరికా కాంగ్రెస్ సైనిక చర్యకు అనుమతించింది. దిగువ సభలో 420 మంది అవునంటే, బార్బరా లీ ఒక్కరే కాదన్నారు. ఆ ఒక్క తీర్మానాన్ని చూపించి తర్వాతి అధ్యక్షులు ఎన్నో దేశాల్లో దాడులు చేశారు. ఒకసారి చేయి ఎత్తిన సభ మళ్లీ ఆ జోలికి పోనవసరం లేకపోయింది. సభ్యులకూ అదే హాయి అనుకుంటాను.

జర్మనీలో పద్ధతి వేరు. 1994లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం, పోరాటానికి సైన్యాన్ని బయటికి పంపాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలి. అఫ్గానిస్తాన్ అనుమతి గడువు తీరిన ప్రతిసారీ ప్రభుత్వం సభ ముందుకు రావలసి వచ్చింది. అయినా జర్మన్ సైన్యం అక్కడ దాదాపు 20 ఏళ్లు ఉంది. నిజమే, ఎక్కువ కాలం ఉన్నది కాస్త ప్రశాంతంగా ఉండే ఉత్తరాన. అది కూడా ఇంటి రాజకీయమే. ఇక 2010 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లో ఇదే విషయం మీద ప్రభుత్వమే కూలిపోయింది. అఫ్గానిస్తాన్‌లోని ఉరుజ్‌గాన్ రాష్ట్రంలో సైన్యాన్ని ఇంకా ఉంచడానికి ప్రభుత్వంలో భాగస్వామి అయిన లేబర్ పార్టీ ఒప్పుకోలేదు. ఆగస్టుకు అక్కడ తమ బాధ్యత దించుకున్నారు. మీకు ఇది భయపెట్టే ఉదాహరణ కావచ్చు. నాకు మాత్రం, మంత్రులు పదవులు పణంగా పెట్టి బహిరంగంగా తేల్చుకున్న ఆ పద్ధతే టేపుల్లో గుసగుసల కంటే నయమనిపిస్తుంది.

కాబట్టి నా విన్నపం ఇది. సైన్యాన్ని పంపే రోజే యుద్ధపు పన్ను బిల్లూ పెట్టండి. ఏడాదికే అనుమతి అడగండి, ఏడాది తిరగ్గానే మళ్లీ రండి. మేము వద్దంటే ఆ మాట వెళ్లకముందే వినండి.

ఇంకొకటి. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్లు ఒప్పందం చేసుకున్నప్పుడు అఫ్గాన్ ప్రభుత్వం అందులో పక్షమే కాదు. మరుసటి ఏడాది ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్‌లోకి వచ్చేశారు. విదేశీ సైన్యాల పక్కన నిలబడి మాటలు అనువదించిన దుభాషీలు వీసా కాగితాలు పట్టుకుని విమానాశ్రయం గేట్ల దగ్గర పడిగాపులు పడ్డారు. చాలామంది అక్కడే మిగిలిపోయారు. మీ సైన్యానికీ రేపు అక్కడ దుభాషీలు కావాలి. వాళ్ల వీసాల ఏర్పాటు కూడా ఇప్పుడు టేబుల్ మీదున్న ఆ ఫైల్లోనే ఉందా?

ఇట్లు,
ఒక ఓటరు