వార్షిక నివేదిక: లూర్దు యాత్ర, క్యాంపింగ్ బస

సభ్యులందరికీ నమస్కారం.

ఫ్రాన్స్‌లోని మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శిగా ఈ నివేదిక మీ ముందుంచుతున్నాను. సంక్రాంతి, ఉగాది, పిల్లల తెలుగు తరగతులు, క్రిస్మస్ విందు ఎప్పటిలాగే బాగా జరిగాయి. పనులు నెత్తిన వేసుకున్న వాళ్లందరికీ కమిటీ తరఫున కృతజ్ఞతలు. ఈ ఏడాది కొత్తగా చేపట్టింది నైరుతి ఫ్రాన్స్‌లోని మరియమాత పుణ్యక్షేత్రం లూర్దుకు యాత్ర. రాలేకపోయిన వాళ్లు వివరాలు అడుగుతున్నారు, మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది సమావేశంలో తేల్చాలి. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇచ్చాను.

మనలో కతోలిక కుటుంబాలకు లూర్దు కొత్త పేరు కాదు. గుణదల కొండ మీద కొలువైనది లూర్దు మాతే. అక్కడి ఉత్సవాలు ఫిబ్రవరి 11తో ముగియడానికి కారణం, 1858లో అదే రోజున లూర్దు ఊరి చివర మస్సబియెల్ గుహ దగ్గర బెర్నదెత్త అనే పేదింటి అమ్మాయికి మరియమాత మొదటి దర్శనం కలగడం. అప్పుడామెకు పద్నాలుగేళ్లు. చెల్లెలితో, ఇంకో స్నేహితురాలితో కలిసి కట్టెలు ఏరుకోవడానికి వెళ్లింది. ఆ ఏడాది జూలై 16 వరకు మొత్తం 18 దర్శనాలు. గుణదల తిరునాళ్లు చూస్తూ పెరిగినవాళ్లు ఫ్రాన్స్‌లో ఏళ్ల తరబడి ఉంటూ కూడా ఆ గుహ చూడలేదంటే, దానికి ముఖ్య కారణం ఖర్చే.

లూర్దులో హోటళ్లకు కొదవ లేదు. జనాభా పద్నాలుగు వేలు దాటని ఊరు, అయినా వీధి వీధికీ హోటళ్లే. కానీ ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉన్న కుటుంబానికి రెండు గదులు కావాలి, మూడు పూటలా బయట తినాలి. అందుకే క్యాంపింగ్ అనుకున్నాం. తీర్థయాత్రకు వెళ్తూ ఈ డేరాలేమిటని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వాళ్ల మాటను కమిటీ తేలిగ్గా తీసుకోలేదు. పెద్దలందరికీ మంచాలు, వంటగది, బాత్‌రూమ్ ఉన్న మొబైల్ హోమ్‌లు (క్యాంప్‌సైట్‌లోనే అద్దెకిచ్చే చిన్న ఇళ్లు), మిగతావాళ్లకు టెంట్లు అని నిర్ణయించాక వాళ్లూ ఒప్పుకున్నారు.

అసలు చర్చ ఎక్కడ దిగాలన్న దాని మీదే నడిచింది. లూర్దు అంచుల్లో చిన్న చిన్న క్యాంప్‌సైట్లు ఉన్నాయి. వాటిలో కొన్నింటి నుంచి పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్లొచ్చు. దక్షిణాన ఆర్జెలెస్-గాజోస్ట్ లోయలోకి వెళ్తే కారులో పావుగంట దూరంలో పెద్దవి దొరుకుతాయి: ఈత కొలను, పిల్లల ఆటస్థలం, ఎదురుగా పిరెనీస్ కొండలు. ఫోటోలు చూసి యువకులంతా లోయకే ఓటు వేశారు. కమిటీ మాత్రం ఊరి అంచునే ఎంచుకుంది. ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు లూర్దులో రోజూ రాత్రి 9 గంటలకు కొవ్వొత్తుల ప్రదక్షిణ మొదలవుతుంది. అది ముగిసి, జనం కదిలి, పార్కింగ్ నుంచి బయటపడేసరికి పది దాటుతుంది. చాలా క్యాంప్‌సైట్లలో రాత్రి పది, పదిన్నరకు కార్ల గేటు మూసేస్తారు, ఉదయం ఏడింటి దాకా తీయరు. కారు బయట వదిలి, నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను చీకట్లో నడిపించుకుంటూ లోపలికి రావాలి. ప్రదక్షిణ కోసం అంత దూరం వెళ్లి, గేటు టెన్షన్‌తో మధ్యలో లేచి రావడం ఎవరికీ ఇష్టం లేదు. ఇలాంటి యాత్రలో బస ఎక్కడో తేల్చాల్సింది గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టేనని నా అభిప్రాయం. వచ్చే ఏడాది కమిటీలో ఎవరున్నా ఈ పద్ధతి మార్చవద్దని కోరుతున్నాను.

బుకింగ్‌లో ఒక చిక్కు వచ్చింది. ఒక క్యాంప్‌సైట్ వాళ్లు ముందు సరేనని, తర్వాత పెద్ద గుంపులను తీసుకోమని వెనక్కి తగ్గారు. ఆ తర్వాత మేము ఎవరికి రాసినా మొదటి వాక్యంలోనే ఎన్ని కుటుంబాలో, ఎన్ని టెంట్లో, పెద్దలు ఎందరో చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే అడ్వాన్స్ కట్టాం. పక్కపక్క స్థలాలు కావాలని కూడా ముందే రాయాలి. స్థలం అద్దె కాక పెద్దవాళ్లకు మనిషికి రాత్రికి ఇంత అని టూరిస్ట్ పన్ను ఉంటుంది, 18 ఏళ్ల లోపు పిల్లలకు ఉండదు. మొబైల్ హోమ్ తీసుకున్నా చాలాచోట్ల దుప్పట్లు, తువ్వాళ్లు మనమే తెచ్చుకోవాలి.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్తాను. టెంట్ స్థలానికి ఇచ్చే కరెంటు చాలాసార్లు 6 ఆంపియర్లు మాత్రమే, అంటే సుమారు 1,380 వాట్లు. చిన్న రైస్ కుక్కర్ హాయిగా నడుస్తుంది. రెండు వేల వాట్ల కెటిల్ పెట్టగానే ఫ్యూజ్ కొట్టేస్తుంది. రైస్ కుక్కర్‌కు వంతులు వేసుకుని, టీకి గ్యాస్ స్టవ్ వాడాం. స్థలాల్లోని నీలిరంగు ప్లగ్‌కు సరిపోయే అడాప్టర్, పొడవాటి వైరు ఇప్పుడు సంఘం సామాన్లలో ఉన్నాయి. ఎవరికి కావాలన్నా అడిగి తీసుకోండి.

పిరెనీస్ పక్కన వాతావరణాన్ని నమ్మలేం. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే సాయంత్రానికి ఉరుములు, వాన. టెంటు తాళ్లు నాలుగు వైపులా బిగించినవాళ్లు నిద్రపోయారు, రెండు వైపులే కట్టినవాళ్లు రాత్రంతా కూర్చున్నారు. నది ఒడ్డు స్థలం చూడటానికి బాగుంటుంది కానీ మేము కావాలనే వద్దనుకున్నాం. 2012 అక్టోబర్‌లో, మళ్లీ 2013 జూన్‌లో లూర్దు మీదుగా పారే గావ్ నది పొంగి గుహలోకే నీళ్లు వచ్చాయి.

ఇక పుణ్యక్షేత్రం. తిరుసభ, అంటే కతోలిక చర్చి, ఈ దర్శనాలను 1862 జనవరిలో గుర్తించింది. గుహ పైన 1876లో ప్రతిష్ఠించిన అమలోద్భవి మాత బసిలికా (పెద్ద చర్చి), దాని కింది అంతస్తులో జపమాల బసిలికా, మైదానం కింద 1958లో కట్టిన పదవ భక్తినాథ (పయస్) పోపు పేరిటి భూగర్భ బసిలికా. ఇరవై వేల మందికి పైగా పట్టే ఆ కాంక్రీటు గుడి చూసి పిల్లలు నోరు తెరిచారు. గుహ మాత్రం చిన్నది. లైన్‌లో నడుస్తూ చేతితో ఆ రాయిని తాకుతూ వెళ్తారు. వేల చేతులు తాకి తాకి రాయి నున్నగా ఉంటుంది. బెర్నదెత్త చేతులతో తవ్వగా బయటపడిన ఊట నీరు అక్కడి కుళాయిల్లో వస్తుంది, డబ్బు తీసుకోరు. ఆ ఊట నీటిలో యాత్రికులు మునిగే స్నానాల గదుల దగ్గర ఇప్పుడు ఎక్కువమందికి జరిగేది నీటి సంజ్ఞ: సేవకులు దోసిట్లో నీళ్లు పోస్తే చేతులు, ముఖం కడుక్కుని, కాస్త తాగి, ప్రార్థించుకుంటాం.

స్వస్థతల గురించి మన యువకులు సూటిగానే ప్రశ్నలు వేశారు, వేయాలి కూడా. స్వస్థత పొందామని ఏడు వేల మందికి పైగా చెప్పగా, డాక్టర్ల విచారణ దాటి తిరుసభ అద్భుతాలుగా ఒప్పుకున్నవి 2025 నాటికి 72 మాత్రమే. ఇంత కఠినంగా వడపోస్తారని తెలిశాక, మొదట అనుమానించినవాళ్లే ఎక్కువ గౌరవంతో మాట్లాడటం విన్నాను.

ప్రదక్షిణలో రోగులు ముందు నడుస్తారు, అదే అక్కడి మర్యాద. చక్రాల కుర్చీలు, సేవకులు లాగే నీలి బళ్లు అన్నిటికంటే ముందు వరస. గుణదల ఉత్సవానికి ఒక్క ఏడు కూడా తప్పని ఒక అమ్మమ్మగారు మాతో వచ్చారు. ఆమె చక్రాల కుర్చీని చూసి ఒక సేవకుడు మా గుంపు మధ్య నుంచి ఆమెను ముందుకు తీసుకెళ్లాడు. మాకు ఆమె కనిపించలేదు, కంగారుపడ్డాం. చివరికి బసిలికా మెట్ల ముందు మొదటి వరసలో కాగితపు గొడుగు కట్టిన కొవ్వొత్తి పట్టుకుని కనిపించారు. పక్కనున్న ఇటాలియన్ పెద్దావిడ చేయి పట్టుకుని ఆమె తెలుగులో ఏదో చెబుతున్నారు, ఆవిడ తల ఊపుతున్నారు. హిందూ కుటుంబాల వాళ్లూ మాతో జపమాల పూర్తయ్యేదాకా నిలబడ్డారు. ఎవరు ఏ మతమని అక్కడ ఎవరూ అడగలేదు.

ఊళ్లో కాషో అనే గది తప్పకుండా చూడాలి. పాత జైలు కొట్టు అది. నడుపుకునే పిండిమర చేజారి, అప్పులపాలైన బెర్నదెత్త కుటుంబం ఆరుగురూ అందులో ఉన్నారు. మా మొబైల్ హోమ్ ఇరుకని గొణిగిన పిల్లలు అక్కడ ఏమీ మాట్లాడలేదు.

ఒక రోజు కొండలకు కేటాయించాం. కొందరు గవార్నీ వెళ్లి, 422 మీటర్ల నుంచి పడే జలపాతం చూసి వచ్చారు. సైకిళ్లున్నవాళ్లు పాత రైలు దారి మీద వేసిన బాటలో లోయలోకి వెళ్లారు. యువకులు పిరెనీస్ జాతీయ పార్కులో ఒక రాత్రి ఉన్నారు. అక్కడి నియమం కచ్చితం: రోడ్డు నుంచి లేదా పార్కు సరిహద్దు నుంచి గంటకు మించిన నడక దూరంలో, సాయంత్రం 7 నుంచి ఉదయం 9 వరకే చిన్న టెంటు వేసుకోవచ్చు. మంట పెట్టకూడదు, కుక్కను తీసుకెళ్లకూడదు. ఎక్కడ పడితే అక్కడ డేరా వేయవచ్చనుకునే మన మిత్రులకు ఇది గుర్తుచేస్తున్నాను.

టెంట్ ఖర్చు కూడా భారమైన కుటుంబాలకు ఒక మాట. లూర్దు కొండవాలులో సిటే సాన్-పియేర్ అనే చోటు ఉంది. 1955 నుంచి పేద యాత్రికులకు ఇవ్వగలిగినంత తీసుకుని ఆశ్రయం ఇస్తున్నారు. అవసరమైనవాళ్లు సంకోచించకుండా నాకు విడిగా చెప్పండి, ఉత్తరం నేను రాస్తాను.

వచ్చే ఏడాది తేదీల మీద రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి జూలై మొదటి వారం, రెండోది మేలో వచ్చే క్రీస్తు ఆరోహణ పండుగ సెలవులు. మేలో రాత్రుళ్లు చలి, పైగా ఆ నెలలోనే అనేక దేశాల సైనికుల యాత్ర ఉంటుంది, బస దొరకడం కష్టం. మరియమాత పండుగైన ఆగస్టు 15 దగ్గర ఊరు కిక్కిరిసిపోతుంది కాబట్టి కమిటీ దాన్ని పరిశీలించలేదు. నా మొగ్గు జూలైకే, నిర్ణయం మీది.

పెద్దల మొబైల్ హోమ్‌ల అద్దెలో సగం సంఘం నిధి నుంచి ఇచ్చాం. ఆ లెక్కలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి, దయచేసి సమావేశానికి ముందే చదివి రండి. ముందుగా నిండిపోయేవి మొబైల్ హోమ్‌లే కాబట్టి, రావాలనుకునే పెద్దల పేర్లు జనవరి చివరికల్లా అందాలి.

కార్యదర్శి