చిట్టికి, జునో నుంచి

చి.సౌ. చిట్టికి నాన్న దీవించి వ్రాయునది.

అలాస్కాలో ఓడ ప్రయాణం ముగించుకుని మేమిద్దరం క్షేమంగా జునో తిరిగొచ్చాం. ముందు నీ బెంగ తీరుస్తాను: అమ్మకి ఓడలో ఒక్కపూట కూడా కడుపులో తిప్పలేదు. ఇన్‌సైడ్ పాసేజ్ దారి చాలావరకు దీవుల చాటునే సాగుతుంది కదా, పసిఫిక్ అలల జోరు లోపలికి అంతగా రాదు.

రేవులో మా పక్కనే వేలమంది ఎక్కే పెద్ద ఓడ కట్టేసి ఉంది. దాన్ని చూసి అమ్మ, "మనం అందులో వెళ్ళాల్సిందేమోనండీ" అంది. మాది గట్టిగా అరవైమంది పట్టే ఓడ. మర్నాడు గ్లేసియర్ బే అనే అఖాతంలోకి వెళ్ళాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఒడ్డున గోధుమరంగు ఎలుగుబంటి కనిపించింది. పోటు తీసిన వేళ, రాళ్ళు తిరగేసి కింద ఉన్నవి ఏరుకు తింటోంది. మా కెప్టెన్ ఇంజను ఆపించి, అది తనంతట తను అడవిలోకి వెళ్ళేదాకా ఓడని అక్కడే ఉంచాడు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అలా ఆగగలిగిన ఓడలోనే ఈ తీరాన్ని చూడాలమ్మా.

మార్జరీ గ్లేసియర్ ఎదుట చాలాసేపు ఉన్నాం. మైలు వెడల్పున మంచుగోడ. ముక్క విరిగి పడడం ముందు కంటికి కనిపిస్తుంది, ఉరుము తర్వాత వినిపిస్తుంది. విరిగినచోట లోపలంతా నీలం. బాగా గట్టిపడ్డ మంచు వెలుగులోని ఎరుపుని మింగేసి నీలాన్ని బయటికి వదులుతుందట. రబ్బరు పడవలో తిప్పుతున్నప్పుడు అంచు మీంచి చెవి ఒగ్గాను. నీళ్ళలో తేలే మంచుముక్కలు నూనెలో వేసిన వడియాల్లా చిటపటలాడుతున్నాయి. ఏనాడో మంచులో చిక్కిన గాలి అలా బయటపడుతోంది.

1794లో బ్రిటిష్ నావికుడు వాంకూవర్ మనుషులు ఇటు వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు లేదు, అంతా మంచే. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు 30 మైళ్ళకు పైగా వెనక్కి తగ్గింది. ఇప్పుడు 65 మైళ్ళు. మేం పొద్దుట్నుంచి ఓడలో వచ్చిన దారంతా ఒకప్పటి మంచు అన్నమాట. అంతకుముందు ఆ మంచే ముందుకు జరిగి ఇక్కడి మూలవాసులైన హూనా ట్లింగిట్ తెగవాళ్ళ ఊళ్ళని మింగేసింది. వాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి పోవాల్సొచ్చింది. నాకు మన దేవీపట్నం వాళ్ళు కళ్ళముందు మెదిలారు. వాళ్ళని నీళ్ళు లేపేశాయి, వీళ్ళని మంచు. 2016లో బార్ట్‌లెట్ కోవ్ ఒడ్డున ఆ తెగకి మళ్ళీ ఒక ఇల్లు లేచింది, దేవదారు చెక్కడాలతో. ఆ గుమ్మం ముందు నిలబడితే నాకు గొంతు పట్టేసింది. మంచు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఆ ఇల్లు చూడకుండా రాకూడదు.

తిమింగలాల సంగతి ఫోన్లో అమ్మ చెబుతుంది, నన్ను చెప్పనివ్వడం లేదు.

మీ ఇద్దరూ బాబుని తీసుకుని వెళ్ళండి. సియాటిల్ నుంచి జునోకి విమానం ఉంది, రోడ్డు మాత్రం లేదు. ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు దాకా ఈ ఓడలు తిరుగుతాయి. గదులు తక్కువ కాబట్టి చలికాలంలోనే మాట్లాడుకోండి. అల్లుడుగారికి సెలవు దొరకడం కష్టమని తెలుసు, అయినా అడిగి చూడు. వానకోటు, లోపలికి రెండు ఉన్ని చొక్కాలు చాలు. బాబుకి మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు మాత్రం ముందే కొను, ఓడలో ఇచ్చేవి పెద్దవాళ్ళ సైజులే.

నాన్న