రెండొందల లేబుళ్లయినా వేస్తాం, కానీ ముందు ఇది చదవండి

పచ్చళ్లు, కారం, గానుగ నూనె, నెయ్యి, తేనె తయారుచేసి అమ్ముకుంటున్న మన కస్టమర్లందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలోని మన ప్రెస్‌లో ఈ నెల నుంచి రోల్ మీద కలర్ లేబుళ్లు వేసే డిజిటల్ మెషీన్ నడుస్తోంది. కనీసం ఐదు వేలు వేయించాలన్న పాత షరతు తీసేశాం. రెండొందలు చాలన్నా వేసిస్తాం.

ఆ షరతు ఎందుకుండేదో చాలామందికి చెప్పే తీరిక దొరకలేదు. ఫ్లెక్సోలో, అంటే రబ్బరు లాంటి ప్లేట్లతో అచ్చేసే పాత పద్ధతిలో, ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు కావాలి. లేబుల్‌ను ఆ ఆకారంలో కోసే డై వేరే చేయించాలి. అవన్నీ ఎక్కించాక నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా స్టిక్కర్ పేపర్ మీటర్లకొద్దీ వృథా అవుతుంది. ఈ ఖర్చంతా రెండొందల లేబుళ్ల మీద వేస్తే లోపలి పచ్చడి కన్నా పైనున్న కాగితమే ఖరీదయ్యేది. అందుకే కొందరు ఏ4 స్టిక్కర్ షీట్లు కత్తెరతో కత్తిరించుకునేవాళ్లు, కొందరు శివకాశికి ఆర్డరిచ్చి రెండేళ్ల సరుకు బీరువాలో పెట్టుకునేవాళ్లు.

ప్లేటు లేకుండా కలర్ అచ్చేయడం ఇప్పుడొచ్చిందేమీ కాదు. 1993లోనే ఇజ్రాయెల్ నుంచి ఇండిగో, బెల్జియం నుంచి జైకాన్ అలాంటి మెషీన్లు తెచ్చాయి. 2002లో ఇండిగోను హెచ్‌పీ కొనేసింది. వాటి ధర మాలాంటి జాబ్ ప్రెస్సులకు అందేది కాదు. టోనర్ అనే రంగు పొడితో, ఇంక్‌జెట్‌తో పనిచేసే చిన్న రోల్ మెషీన్లు వచ్చాకే మాకు ధైర్యం వచ్చింది. డై బాధ కూడా తీరింది. కంప్యూటర్ చెప్పిన ఆకారంలో బ్లేడు స్టిక్కర్‌ను మాత్రమే కోస్తుంది, వెనకున్న సిలికాన్ పూత కాగితం తెగదు. బ్లేడు వెంట్రుకవాసి ఎక్కువ దిగినా ఆ కాగితం తెగి రోల్ లాగేటప్పుడు చిరిగిపోతుంది, తక్కువైతే స్టిక్కర్ ఊడి రాదు. అందుకని రోల్ మొదట్లో మా కుర్రాడు కొన్ని లేబుళ్లు ఊడదీసి, వెనక కాగితాన్ని ట్యూబ్‌లైట్‌కు అడ్డంపెట్టి గీత పడిందేమో చూసుకున్నాకే మిగతాది వదులుతాడు.

అసలు లాభం డిజైన్ అందంలో లేదు. ఎంత అమ్ముడుపోతుందో అంతే వేయించుకోవడంలో ఉంది. 2025 సెప్టెంబరు 22న నెయ్యి మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు, పాత ధర అచ్చయిన లేబుళ్లు కట్టలుకట్టలుగా మిగిలినవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో కళ్లారా చూశాను. ధర తగ్గిస్తే పాత ఎంఆర్‌పీ కనబడేలా పక్కన కొత్త స్టిక్కర్ వేసుకోవచ్చు. పెంచి అంటించడానికి మాత్రం తూనికలు కొలతల నిబంధనలు ఒప్పుకోవు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు మారినా, అడ్రస్ మారినా ఇదే తిప్పలు. ఇకమీదట ఫైల్‌లో ఆ ఒక్క లైను మార్చి మళ్లీ వేసేస్తాం, దానికి డిజైన్ చార్జీ తీసుకోం.

ఇప్పుడు రంగుల సంగతి. ఫోన్‌లో చూసిన ఎరుపు కాగితం మీద అంతే మెరుస్తూ రాదు. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, మేం నాలుగు రంగుల పొడి కలిపి తెస్తాం. గుంటూరు వాళ్లకు మిర్చి ఎరుపు కొంచెం తేడా వచ్చినా తెలిసిపోతుంది, తెలియాలి కూడా. అందుకే మొదటి ఆర్డర్‌కు మీ అసలు స్టిక్కర్ మెటీరియల్ మీదే ఒక శాంపిల్ తీసిస్తాం. దాన్ని మీ సీసాకు అంటించి పగటి వెలుతురులో చూసి ఓకే అనండి. వాట్సాప్ ఫొటో చూసి ఓకే అనొద్దు.

నూనె తగిలే సరుకుకు కాగితం స్టిక్కర్ అడగకండి, మేమూ వేయం. ఆవకాయ సీసా మూత దగ్గర ఎంత తుడిచినా నూనె జారుతుంది. మామూలు కాగితమైతే వారం తిరక్కుండా మచ్చపడి, మీ పేరు మీదే ముదురు మరక నిలబడుతుంది. పీపీ ఫిల్మ్ అనే పల్చటి ప్లాస్టిక్ మీద అచ్చేసి పైన లామినేషన్ వేస్తే నూనెకూ ఫ్రిజ్ తడికీ తట్టుకుంటుంది. ధర ఎక్కువే అవుతుంది, ఆ తేడా బిల్లులో విడిగా చూపిస్తాం. బ్యాచ్ నంబరు, తేదీ మీరు స్టాంపు వేసుకునేచోట లామినేషన్ లేకుండా చిన్న కిటికీ వదిలేస్తాం. లేకపోతే స్టాంపు ఇంకు ఆరక వేలికి అంటుకుపోతుంది.

మరో మాట. లేబుల్ చీటీని కారం ప్యాకెట్ లోపలే వేసి సీల్ చేస్తామని కొందరు అడుగుతున్నారు. దయచేసి అలా చేయకండి. అచ్చు ఉన్న వైపు తినే పదార్థానికి తగలకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్యాకేజింగ్ నిబంధన స్పష్టంగా చెబుతోంది. ఆ పనికి ఎంత ఆర్డరిచ్చినా మేం వేయం.

మా మెషీన్‌కు చేతకానివీ ఉన్నాయి. ఇందులో తెల్ల టోనర్ లేదు. పారదర్శకమైన స్టిక్కర్‌కు అడుగున తెలుపు పడకపోతే తేనె సీసా మీద అక్షరాలు కలిసిపోతాయి. అవి ఇంకా స్క్రీన్ ప్రింటింగ్‌లోనే చేయిస్తాం. అసలు బంగారు మెరుపు కావాలంటే ఫాయిల్ వేయాలి, నాలుగు రంగుల్లో వచ్చేది పసుపే. టోనర్ వేడికి ముడుచుకుపోతాయి గనక ష్రింక్ స్లీవ్‌లు (వేడి తగిలితే సీసాకు బిగుసుకునే ప్లాస్టిక్ తొడుగులు) వేయం. నెలకు పాతికవేలు దాటి ఒకే డిజైన్ వాడేవాళ్లకు ఫ్లెక్సోయే చవక. అలాంటి ఆర్డర్ మెషీన్ ఖాళీగా ఉందని మా దగ్గరే ఉంచుకోం, బయట వేయించి ఇస్తాం.

ఆవకాయ సీజన్‌కు కావలసినవాళ్లు మార్చి నెలాఖరులోపు ఖాళీ సీసా ఒకటి పట్టుకుని రండి. గుండ్రటి సీసా ఒంపును బట్టి లేబుల్ కొలత తీసుకోవాలి, అది ఫోన్‌లో కుదరదు.