ఉన్న టికెట్టే ఇప్పించండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర రైల్వే మంత్రి గారికి నమస్కారాలు.

మీ శాఖలో సర్క్యులర్ జర్నీ టికెట్ అని ఒకటుందండి. మీకు తెలిసే ఉంటుంది గానీ మా కోనసీమలో నేను అడిగినవాళ్ళెవరికీ తెలియదు. బయల్దేరిన స్టేషన్‌కే తిరిగొచ్చేలా ఒక చుట్టుదారి మనమే రాసుకుని, మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగి, ఉండి, మళ్ళీ ఎక్కొచ్చు. చార్జీ లెక్క కూడా బాగుంటుంది. మొత్తం దూరాన్ని సగం చేసి రెండు సింగిల్ టికెట్ల కింద కడతారు, అంటే ఆరు వేల కిలోమీటర్లు తిరిగితే మూడేసి వేల కిలోమీటర్ల టికెట్లు రెండు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే చార్జీ తగ్గుతుంది కాబట్టి, ఊరూరికీ విడివిడిగా తొమ్మిది టికెట్లు కొనడం కంటే ఇది చవక.

ఇంత మంచి టికెట్టు ఐఆర్‌సీటీసీలో దొరకదు. డివిజన్ కమర్షియల్ ఆఫీసుకో, కొన్ని పెద్ద స్టేషన్ల మేనేజర్లకో మన దారి రాసిచ్చి దరఖాస్తు పెట్టాలి. వాళ్ళు చార్జీ లెక్కగట్టి కాగితం ఇస్తారు, ఆ కాగితంతో బుకింగ్ కౌంటర్లో టికెట్ కొనాలి, ఆ టికెట్ పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్ళి ఒక్కో బండికీ బెర్త్ వేయించుకోవాలి. మా డివిజన్ ఆఫీసు విజయవాడలో ఉంది. మేముండేది అంబాజీపేట దగ్గర. రాజమండ్రిలో రైలెక్కాలంటేనే రావులపాలెం మీదుగా బస్సులో రెండు గంటల పైన కూర్చోవాలి.

(మా కోనసీమకి రావలసిన కోటిపల్లి - నరసాపురం రైలు లైను సంగతి ఈ ఉత్తరంలో ఎత్తను. 57 కిలోమీటర్లు, గోదావరి మూడు పాయల మీద మూడు వంతెనలు, 2000-01 బడ్జెట్‌లో మంజూరు. బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నప్పటి మాట. దాని మీద మా వాళ్ళు రాసిన అర్జీలు మీ దగ్గర ఈపాటికి ఒక బీరువా నిండా ఉంటాయి.)

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగమంతా బోర్డు మీద భారతదేశం పటం గీసి నర్మద ఇదీ, తపతి ఇదీ అని పిల్లలకి చూపించానే గానీ ఆ రెండింటిలో దేని ఒడ్డునా నిలబడలేదు. వేసవి సెలవులొస్తే ఎలక్షన్ డ్యూటీ, జనాభా లెక్కలు, పేపర్లు దిద్దడం, అవి లేని ఏడాది ఇంట్లో పెళ్ళిళ్ళు. 2022లో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి పెంచారు. జీతం మరో రెండేళ్ళు వచ్చింది, కాదనను, కానీ కాళ్ళలో ఓపిక ఉన్న ఏళ్ళలోంచే ఆ రెండూ పోయాయి. మా ఆయన కొబ్బరితోట కౌలుకిచ్చేశారు, కాబట్టి దింపు ఎప్పుడు, ఒలుపు ఎవరు అన్న టెన్షన్ లేదు. మా ఆడపడుచు, అన్నయ్యగారు కూడా వస్తామన్నారు. నలుగురం కలిసి ఒక మూడు నెలలు తిరుగుదామని అనుకున్నాం.

మూడు నెలలా అని అందరూ నోరెళ్ళబెట్టారు. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అన్న సామెత ఇప్పటికీ ఎవరో ఒకరు తీస్తారు, అదీ వాట్సాప్‌లో తీస్తారు. మా వీధిలో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి ఆరు నెలలు ఉండొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళని మాత్రం ఎవరూ ఏమీ అనరు. అక్కడ వాళ్ళు చూసిందేమిటంటే కోడలి పురుడూ, మనవడి స్కూలు బస్సూ. మన సొంత డబ్బుతో మన దేశం మనం చూస్తామంటేనే వింత.

కొత్త సంగతి కూడా కాదు ఇది. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో చెన్నపట్నంలో బయల్దేరి హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా చూసుకుని, వెళ్ళిన దారిన కాకుండా జగన్నాథం మీదుగా సముద్రతీరం వెంట 1831లో ఇంటికి చేరారు. పదిహేను నెలలు పట్టింది. మీ భాషలో చెప్పాలంటే అది సర్క్యులర్ జర్నీయే. ఆయనకి పల్లకీ, బోయీలు, డేరాలు ఉన్నాయి. మాకు లోయర్ బెర్త్ ఉంటే చాలు.

భారత్ గౌరవ్ రైళ్ళు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, మంచివే. 2023లో సికింద్రాబాద్ నుంచి పూరి, కాశీ, అయోధ్య తిప్పే బండి మొదలుపెట్టి రాజమండ్రి, సామర్లకోటల్లో కూడా ఎక్కించుకున్నారు. భోజనం, బస, బస్సు అన్నీ వాళ్ళవే, ఒంటరిగా వెళ్ళలేనివాళ్ళకి అంతకంటే ఏం కావాలి. కానీ అది ఎనిమిది రాత్రులూ తొమ్మిది పగళ్ళ యాత్ర. మా అత్తగారి లెక్కలో ఒక్క కాశీలోనే తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యాలి. పొద్దున్నే లేపి, గుడి చూపించి, లెక్కపెట్టి బస్సెక్కించే యాత్ర మా మోకాళ్ళకి పడదు. మాకు ఒక ఊళ్ళో వారం ఉండాలని ఉంటుంది, మొదటి రెండు రోజులు పడుకోవాలని ఉంటుంది, మూడో రోజు కూరగాయల బజారు ఎక్కడో కనుక్కుని మన పద్ధతిలో పప్పుచారు కాచుకోవాలని ఉంటుంది. మామూలు టికెట్ మీద బ్రేక్ జర్నీ చేద్దామంటే అయిదు వందల కిలోమీటర్లు దాటాకే దిగాలి, దిగినా ఒక్కో చోట రెండు రోజులే. రిటైరింగ్ రూమ్ 48 గంటలు దాటి ఇవ్వరు, అది న్యాయమే, దాని గురించి నేను గొడవ పడను, ఊళ్ళో సత్రాలున్నాయి.

అసలు చిక్కు రిజర్వేషన్ గడువుతో వచ్చింది. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు బుకింగ్ 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు. దళారులు బ్లాక్ చేస్తున్నారు, బుక్ చేసినవాళ్ళు రద్దు చేసుకుంటున్నారు, రావడం లేదు అన్నారు, సరే. వారం రోజుల ప్రయాణానికి 60 రోజులు బోలెడు. మూడు నెలల ప్రయాణానికి ఏమవుతుందో చూడండి. ఇంటి దగ్గర బయల్దేరే రోజున తిరుగు టికెట్ కొనడానికి కుదరదు, దాని బుకింగ్ అప్పటికి మొదలే కాదు. కాబట్టి దారిలో ఎక్కడో, పొద్దున్న ఎనిమిదింటికి, ఫోను చేతిలో పట్టుకుని కూర్చోవాలి. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి బుక్ చేస్తానంటాడు, ఓటీపీ నా ఫోనుకి వస్తుంది, ఆ టైముకి మేము బండిలో ఉంటే సిగ్నల్ ఉండదు. ఇదే మన దేశానికి వచ్చే విదేశీ పర్యాటకులకి మాత్రం 365 రోజుల ముందే ఇస్తున్నారు. వాళ్ళకి ఇవ్వొద్దని కాదండీ, దూరాన్నుంచి వస్తారు, ముందే ప్లాన్ చేసుకోవాలి. మేమూ ముందే ప్లాన్ చేసుకోవాలి కదా, మాది పాస్‌పోర్టు లేని ముసలితనం అంతే తేడా.

ఇక లోయర్ బెర్త్. అరవై నిండిన మగవాళ్ళకీ నలభై అయిదు నిండిన ఆడవాళ్ళకీ కోటా ఉంది: స్లీపర్ పెట్టెలో ఆరేడు, థర్డ్ ఏసీలో నాలుగైదు, సెకండ్ ఏసీలో మూడు నాలుగు. అయితే ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే కంప్యూటర్ ఆ కోటా చూస్తుంది. ముగ్గురైనా, ఇద్దరిలో ఒకరికి వయసు చాలకపోయినా చూడదు. నలుగురం ముసలివాళ్ళం ఒకే టికెట్ కొన్నామనుకోండి, దానికి మేము కుర్రాళ్ళతో సమానం. విడదీసి రెండు టికెట్లు కొంటే దొరకొచ్చు, అప్పుడు మేమిద్దరం ఒక పెట్టెలో, ఆడపడుచు వాళ్ళు ఇంకో పెట్టెలో. అన్నయ్యగారి బీపీ మాత్రలు మా సంచిలో ఉంటాయి. ఈ కిటుకు తెలియనివాళ్ళు బండెక్కాక కింది బెర్త్ కుర్రాణ్ణి బతిమాలుకుంటారు. మన కుర్రాళ్ళు మంచివాళ్ళే, చాలామంది లేచి ఇస్తారు, కానీ రాత్రి పదింటికి ముక్కూమొహం తెలియని పిల్లవాడి దగ్గర మోకాళ్ళ నొప్పుల పురాణం విప్పడం ఎంత నామర్దాగా ఉంటుందో మీకు ఆ వయసు వచ్చాక తెలుస్తుంది.

రాయితీ మాట కూడా ఒకటి. 2020 మార్చిలో కరోనా అని ఆపారు. అంతకు ముందు అరవై దాటిన మగవాళ్ళకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకి 50 శాతం ఉండేది. కరోనా పోయింది, రాయితీ రాలేదు. కనీసం స్లీపర్‌కీ థర్డ్ ఏసీకీ అయినా తిరిగి ఇవ్వండని పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం రాయితీ ఇస్తూనే ఉన్నామని మీరు సభలో జవాబిచ్చారు. ఆ లెక్క తప్పని నేననను. నిజం చెప్పాలంటే నాకు పెన్షన్ వస్తుంది, రాయితీ లేకపోయినా నేను వెళ్ళగలను. మా తోటలో కాయలు ఒలిచే ఆవిడ ఉంది, ఆవిడకీ కాశీ చూడాలని ఉంది, ఆవిడ స్లీపర్‌లోనే వెళుతుంది. ఏసీకి వద్దు, స్లీపర్‌కి ఇవ్వండి. ఇష్టం లేనివాళ్ళు వదులుకునే ఏర్పాటు పాత రోజుల్లో బుకింగ్‌లోనే ఉండేది, దాన్ని మళ్ళీ పెట్టండి, నేనే ముందు వదులుకుంటాను.

నేను అడిగేది పెద్ద ఖర్చున్న పని కాదు. ఆ సర్క్యులర్ టికెట్‌ని ఐఆర్‌సీటీసీలో పెట్టించండి. దారి మేమే టైపు చేస్తాం, చార్జీ కంప్యూటర్ కడుతుంది, దాని కోసం ఒక గుమాస్తా కాగితం మీద కూడికలు వెయ్యనక్కర్లేదు. అరవై దాటినవాళ్ళు ఈ టికెట్ కొంటే చెల్లే గడువు మూడు నెలలకి పెంచి, అందులోని అన్ని బండ్లకీ ఒకేసారి బెర్త్ ఇవ్వండి, 60 రోజుల గీత దానికి అడ్డు రాకూడదు. దళారులు దూరతారని భయమైతే ఆధార్ అడగండి, తత్కాల్‌కి 2025 నుంచి అడుగుతూనే ఉన్నారు కదా. నలుగురు పెద్దవాళ్ళు ఒకే టికెట్ మీద ఉంటే నాలుగు లోయర్ బెర్తులూ ఒకే పెట్టెలో ఇవ్వలేరు, నాకూ తెలుసు, రెండు ఒక పెట్టెలో, రెండు పక్క పెట్టెలో ఇచ్చినా సర్దుకుంటాం. కోటా చూడనే చూడకపోవడం మాత్రం మానిపించండి.

మేము సంక్రాంతికి ముందు కదలం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడకుండా మా ఆయన ఊరు దాటరు, ఆ విషయంలో రైల్వే శాఖ చెయ్యగలిగింది ఏమీ లేదు. ఎండలు ముదిరేలోపు, ఉగాది అటూ ఇటూగా తిరిగి రావాలి. 2027లో గోదావరి పుష్కరాలు, ఆ పన్నెండు రోజులూ దేశంలో ఉన్న చుట్టాలందరూ మా ఇంట్లోనే ఉంటారు, ఇక అప్పుడు మేము ఎక్కడికీ వెళ్ళేది లేదు.

కనుమ మర్నాటి బండికి బుకింగ్ నవంబర్ మూడో వారంలో మొదలవుతుంది. అప్పటికి ఆన్‌లైన్‌లో పెట్టడం కుదరకపోతే, ఆ దరఖాస్తు రాజమండ్రిలో తీసుకుంటారో, విజయవాడే వెళ్ళాలో మీ ఆఫీసు నుంచి ఒక్క ముక్క రాయించండి. విజయవాడే అంటే మా ఆయన్ని పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
అంబాజీపేట మండలం, కోనసీమ